నగరవినాశ కావ్యములు: కర్తృవిచారము

పాడుపడిన పట్టణమును వర్ణించుట కవులకుఁ బ్రాచీనమైన వేడుక. వేడుక యనుట తగదేమో. కాని యేడ్పునకును నొక యలంకారశాస్త్రము గలదు. పూర్వనాగరికతలు కూలిన తీరు చూచి నేఁటి సంఘము బుద్ధి తెచ్చుకొనవలెనని వ్రాయువారు ఈ కాలమునఁ బెక్కండ్రు. వారు శిథిలములను, మట్టిపలకలను, నేలలోని పుప్పొడి రేణువులను బరీక్షింతురు. కావ్యములను మాత్రము కేవలము కన్నీరని ప్రక్కకుఁ ద్రోయుదురు. లేదా, అందలి ప్రతిమాటను యథార్థచరిత్రగాఁ గైకొందురు. రెండును దోషములే. కావ్యము సాక్షి, కాని యే సాక్షియైనను అడుగవలసిన రీతిని అడిగినఁగాని నిజము చెప్పఁడు.

అడుగవలసిన మొదటి ప్రశ్న వ్యాకరణమునకు సంబంధించినది. తెలుఁగున “కూలు” అకర్మకము, “కూల్చు” సకర్మకము. “చెడు”, “చెఱుచు” అనునవియు నట్టివే. నగరము కూలెనన్న వాక్యమునకు నగరమే కర్త. కూల్చెనన్నచోఁ గర్త వేఱొకఁడు, నగరము కర్మ. సంస్కృతమునను నశధాతువునకు ణిచ్చు చేరినఁగాని నాశకుఁడు పొడకట్టఁడు. వినాశమును వర్ణించు ప్రతికవియు నీ రెంటిలో నొకదానిని గోరుకొనును. ఆ కోరికలోనే యతని చరిత్రదృష్టి చాలవఱకు ఇమిడియుండును. రఘువంశమునందలి యయోధ్యను, మౌసలపర్వమునందలి ద్వారకను, సుమేరుభాషలోని ఉర్ పట్టణ విలాపమును ఈ ప్రశ్నతోఁ జదివినచో మూఁడును మూఁడు విధములుగా సాక్ష్యము చెప్పును.

రఘువంశ షోడశసర్గము పాఠశాలలలో ననేకులు మల్లినాథుని సంజీవనితోఁ జదివినదే. రాముని తరువాతఁ గుశుఁడు కుశావతిలో నుండఁగా, అర్ధరాత్రమున, తలుపు వేసిన పడకటింటిలో, అయోధ్యాధిదేవత ప్రోషితభర్తృక వేషముతో నతనికిఁ గానవచ్చును. ఆమె తన నగరపు దుర్దశను దానే చెప్పుకొనును. అభిసారికలు అందెలు మ్రోయ నడచిన రాజవీథిని ఇపుడు నక్కలు తిరుగుచున్నవి. జవరాండ్ర చేతితట్టులకు మద్దెలవలె మ్రోసిన దీర్ఘికాజలము అడవియెనుఁబోతుల కొమ్ముల దెబ్బకు మూలుగుచున్నది. లత్తుక యడుగులు పడిన మెట్లమీఁద, అప్పుడే లేడిని జంపిన పులి రక్తపుటడుగు లిడుచున్నది. గోడలమీఁది చిత్రపు టేనుఁగులను నిజమైన వనుకొని సింగములు గోళ్లతోఁ జీల్చుచున్నవి. స్తంభముల మీఁది స్త్రీప్రతిమలకు రంగు వెలసిపోఁగాఁ బాములు విడిచిన కుబుసములే పయ్యెదలైనవి. సున్నపుమేడలు నల్లబడి గడ్డి మొలవఁగా వెన్నెల వానిపైఁ బ్రకాశింపదు. గవాక్షములలో రాత్రి దీపము లేదు. పగలు స్త్రీల మోము లేదు. సాలెగూళ్లు మాత్రము గలవు.

ప్రతిశ్లోకమును పూర్వస్థితిని నేఁటిస్థితిని ఎదురెదురుగా నిల్పును. చిత్రగజముల శ్లోకము వంటిది ఏ దేశపు శిథిలకావ్యమందును అరుదు. మనుష్యుఁడు పోయినను వాని శిల్పము మృగమును మోసపుచ్చుచున్నదనఁగా, నాగరికత తన వెనుక నేమి విడిచిపోవునో యొక్క చిత్రముతోఁ జెప్పినట్లయినది. ఇంతవఱకుఁ గాళిదాసునకు సాటి లేదు.

అయినను ఈ జాబితాలో లేని వేవి? ఆకలి లేదు. శవము లేదు. బీడువడిన చేను లేదు, పూడిన కాలువ లేదు. కాఁపు లేఁడు, కుమ్మరి లేఁడు. వీథి రాజవీథి, జలము క్రీడాజలము, మెట్లు మేడమెట్లు. నగరమనఁగా రాజప్రాసాదమును దాని యుద్యానమునే. కావుననే కారణమును నొక్కటియే: ప్రభువు లేఁడు. కారణ మింత తేలిక యగుటచేఁ జికిత్సయు నింతే తేలిక. కుశుఁడు కుశావతిని శ్రోత్రియులకు నప్పగించి సేనతో బయలుదేఱును. శిల్పిసంఘములు, వేసవిని గ్రాఁగిన భూమిని మేఘములు చల్లార్చినట్లు, నగరమును మఱలఁ గ్రొత్తది చేయును. ఒక నగరము నిండుటకై వేఱొక నగరము రాజహీనమైనదన్న సంగతిమీఁదఁ గవి నిలువఁడు. శాస్త్రదృష్టితోఁ జూచిన, ఇందు వినాశమునకుఁ గర్తయే లేఁడు. కర్త లేకుండుటయే హేతువు. అభావము హేతువగునేమో కాని కర్త గానేరదు. అందుచేత నయోధ్యాదేవత యెవ్వరిని నిందింపదు. ఆమె మాట విలాపము గాదు; మిక్కిలి గౌరవముతోఁ జేసిన విజ్ఞాపనము.

ఉర్ పట్టణ విలాపము వేఱు. నేఁటి యిరాకు దక్షిణభాగమున నున్న ఆ పట్టణమును 1922 మొదలు 1934 వఱకు లియొనార్డు వూలీ త్రవ్వించెను. కావ్యము మాత్రము ముఖ్యముగా నిప్పూరు పట్టణపు పలకలలో దొరకినది. ఆ తునకలను గూర్చి సామ్యుయెల్ క్రామరు 1940వ సంవత్సరమునఁ బ్రకటించినప్పుడు 436 పంక్తులు, 11 ఖండములు తేలినవి. దీనికిఁ దోఁబుట్టువు వంటి సుమేరు-ఉర్ విలాపమును 1989లోఁ బీటర్ మిఖలోవ్‌స్కీ పరిష్కరించెను. రెండును క్రీ. పూ. 2004 ప్రాంతమున ఎలామీయులు మొదలగువారి చేత ఉర్ కూలుటను గూర్చినవి. ఆ తరువాతి యిసిన్ రాజుల కాలమునఁ బుట్టినవి.

కావ్యారంభమున దేవత లొక్కొక్కరే తమ తమ కోవెలలను విడిచి పోవుదురు. పశువులశాల గాలికి విడువఁబడెనన్న మాట పల్లవివలె మఱలమఱల వచ్చును. ఉర్ పట్టణ దేవి నింగల్ దేవసభకుఁ బోయి, తన పట్టణమును జెఱుపవలదని యేడ్చి వేఁడుకొనును. సభ వినదు. ఎన్లిలుదేవుఁడు తుపానును బిలుచును. అటుపిమ్మట వీథులలోఁ బెంకులవలెఁ బడిన శవములు, ఉత్సవములు జరిగిన చోటనే గుట్టలుగాఁ బడిన జనము, బిడ్డను విడిచిన తల్లి, ఆకలిచేత సమముగాఁ జచ్చిన బలవంతుఁడును దుర్బలుఁడును. నింగల్ తన నగరమును జూచి యేడ్చునప్పుడు పొలములను, దుమ్ము పేరుకొనిన కాలువలను గూడఁ జెప్పి యేడ్చును. కాళిదాసు విడిచిన దంతయు నిచట నున్నది. కాళిదాసుకడ నున్న ఆ చిత్రగజము వంటి దిచట లేదు.

సంస్కృతజ్ఞులకు ఈ కావ్యమున రెండు మూఁడు విశేషములు తప్పక రుచించును. మొదటిది భాష. సుమేరు సాహిత్యమున సామాన్యభాషయే కాక ఎమెసల్ అను నింకొక భేదము గలదు. దేవతాస్త్రీల మాటలును విలాపగాయకుల పాటలును దానిలో నుండును. నింగల్ ఎమెసల్ లోనే యేడ్చును. మన నాటకములలో స్త్రీలకుఁ బ్రాకృతము విధింపఁబడుట దీనికి సమీపము. రెండవది శ్లేష. ఆ భాషలో “ఉద్” అను నొకే శబ్దమునకుఁ బగలనియుఁ దుపాననియు నర్థము. “ఆ దినము” అన్నను “ఆ తుపాను” అన్నను మాట యొక్కటియే. కవి ఈ శబ్దమును విడువక త్రిప్పి త్రిప్పి ప్రయోగించును. నగరము కూలినది ఒక్క దినమునఁ గూలెను, ఒక్క తుపానునఁ గూలెను అని వినువారి మనస్సున ముద్ర పడును.

మూఁడవది ప్రకృతమునకు ముఖ్యము. సుమేరుభాషలో సకర్మకక్రియకుఁ గర్తయైనవానికి మాత్రమే “ఎ” అను ప్రత్యయము చేరును. అకర్మకక్రియ యొక్క కర్తయు సకర్మకక్రియ యొక్క కర్మయు నేప్రత్యయమును లేక యొకేరూపముననుండును. “గుల్” అను ధాతువు నశించుట, నశింపఁజేయుట అను రెంటికిని జెల్లును. అనఁగా, నగరము కూలెనన్నను ఎవ్వఁడో కూల్చెనన్నను నగరశబ్దము రూపము మాఱదు. మన కర్మణిప్రయోగమునఁ గర్మ ప్రథమావిభక్తిలో నిలుచుట దీనికిఁ గొంత పోలిక. కర్తను జెప్పకయే విలపించుట కింతకంటె ననువైన భాష వేఱొకటి యుండదు. కవి యా సౌకర్యమును వాడుకొనెను; కాని దానిచాటున దాఁగికొనలేదు. ఎలామీయులు పేరు చెప్పఁబడిరి. అయినను వారు కరణమాత్రము, చేతిలోని గొడ్డలి. తుపానును గరణమే. ఆజ్ఞ ఎన్లిలునిది. అతఁ డేల యాజ్ఞాపించెను? నింగల్ అడిగినను ఉర్ చేసిన తప్పేమియో కావ్యము చెప్పదు. రెండవ విలాపములో మాత్రము ఎన్లిలుఁడు తన కుమారుఁడైన చంద్రదేవునికి సమాధానము చెప్పును: ఉర్‌కు రాజ్యము ఈయఁబడినది గాని శాశ్వతముగా నీయఁబడలేదట.

ఇదియే యడుగవలసిన చోటు. రాజ్య మెవ్వరికిని శాశ్వతము గాదన్నమాట వైరాగ్యమువలె వినఁబడును. యిసిన్ రాజుల చెవికి వేఱుగా వినఁబడియుండును. ఉర్‌కు శాశ్వతము గానిదే తమకు వచ్చినది. యిసిన్ వంశకర్త యిష్బిఎర్ర ఉర్ చివరిరాజైన ఇబ్బిసిన్ కొలువులోని యుద్యోగి. అతని లేఖ యొకటి పాఠశాలల ప్రతులలో నిలిచినది. ధాన్యము కొనుటకు రాజు పంపిన 20 తలాంతుల వెండితో 72,000 గుర్రుల ధాన్యము కొని యిసిన్‌లోఁ జేర్చితిననియు, శత్రువులు దేశమునఁ జొచ్చినందున దానిని ఉర్‌కుఁ దేలేకున్నాననియు, 600 పడవలు పంపవలెననియు, యిసిన్ నిప్పూరు పట్టణముల రక్షణమును దన కొప్పగింపుమనియు నందుఁ గలదు. గుర్రు సుమారు 300 లీటర్లు. ఈ లేఖ యథార్థమా, తరువాతివారి కల్పనమా యన్న వివాదము పండితులలోఁ గలదు. కల్పనమే యైనను గొప్ప సాక్ష్యమే. ధాన్యము ఎవనిచేత నున్నదో వానికే రాజ్యము పోయినదని ఆ దేశపు బడిపిల్లలకును దెలియునని దానివలనఁ దేలుచున్నది. ఈ మాట విలాపములలో నొక్కచోటను లేదు. ఆకలి కలదు; కొట్టుతాళపుచెవి యెవనియొద్ద నున్నదో లేదు.

ఒక్కదినపు తుపానను మాటను బరీక్షించుటకుఁ గావ్యముకంటె నీరసమైన సాక్ష్యము వేఱొకటి గలదు: లెక్కపలకలు. ఉర్ మూఁడవ వంశపు కాలమున గొఱ్ఱె పుట్టినను, కూలివానికి మానెఁడు యవలు కొలిచినను మట్టిపలకమీఁద వ్రాసిరి. ఆ పలకలు వేలకువేలు దొరకినవి. అప్పుడు సంవత్సరములకు సంఖ్యలు లేవు, పేర్లు గలవు. ఏటేట రాజధాని నుండి వచ్చిన పేరును ప్రతిపట్టణపు లేఖకుఁడును దన పలకపై వేయవలెను. అట్లు వేయుట రాజును అంగీకరించుట. ఇబ్బిసిన్ పట్టాభిషిక్తుఁడైన రెండవ మూఁడవ యేఁట నుండియే యొక్కొక్క పట్టణమున నీ పేరు ఆగిపోయినది. మొదట దూరమున నున్న ఎష్నున్న, సూస, పిమ్మట ఉమ్మ, గిర్సు, ఎనిమిదవ యేటి ప్రాంతమునకు నిప్పూరు. ఏ పలకయందును తిరుగుబాటన్న మాట లేదు; తేదీ మాఱినది, అంతే. ఆరవ యేటి పేరు నిప్పూరు ఉర్ పట్టణముల మహాప్రాకారముల నిర్మాణమును జెప్పును. అతనికి ముందుండిన షుసిన్ నాలుగవయేఁట అమోరీయుల నడ్డుకొన దేశమున కడ్డముగాఁ గోట కట్టించియుండెను. గోడలు పెరిగిన కొలఁది రాజ్యము తఱిగినది. ఇబ్బిసిన్ పేరునకు రాజుగా మఱి పదునాఱేండ్లకుఁ బైగా ఉర్‌లో నుండెను. అతని 22వ యేటి పేరులో, దేవతలు పంపిన తుపానున కూఁగిన ఉర్‌ను రాజు నిలువఁబెట్టినట్లు గలదు. తుపానను నుపమానము విలాపకవి కల్పింపలేదు. కూలుచున్న ప్రభుత్వమే ముందుగాఁ గల్పించుకొనెను.

కావుననే కావ్యము చెప్పినది అసత్యమని కాదు. కోట పగిలిన దినము ఒక దినమే. చచ్చినవారు ఆనాఁడే చచ్చిరి. కాని యిరువదియేండ్లపాటు మెల్లఁగా జరిగిన విచ్ఛేదమును ఉద్ అను నొక్క శబ్దములోఁ జుట్టి పెట్టుటచే, ఆ యిరువదియేండ్లలో నేమి చేసియుండవచ్చునన్న ప్రశ్నయే వినువారికిఁ బుట్టకపోయినది. తుపాను వచ్చునపుడు చేయఁగలిగినది లేదు. పొరుగూరి లేఖకుఁడు తేదీ మానినపుడు చేయఁగలిగినది కొంత యుండును. నేఁటివారు ఉర్‌ను జూచి నేర్వఁదగిన దేదైన నున్నచో అది విలాపములో గాక, విలాపమునకును లెక్కపలకకును నడుమ నున్న ఈ సందులో నున్నది.

మౌసలపర్వము ఈ రెంటికంటెను నిష్ఠురమైనది. తిక్కన తెనుఁగించిన పదియేను పర్వములలో నిదియు నొకటి గావునఁ దెలుఁగువారికిఁ గథ క్రొత్త గాదు. యుద్ధమైన ముప్పదియాఱవయేఁట వృష్ణులు సాంబునికి ఆఁడువేషము వేసి మునులను బరిహసింతురు, ముసలము పుట్టును, దానిని బొడిచేసి సముద్రమునఁ గలుపుదురు. అప్పుడే నగరమున నొక శాసనము చాటఁబడును: ఇఁక నే యింటను మద్యము చేయరాదు, చేసినవానికి బంధువులతోఁగూడఁ గొఱత. ఇది చదువరులు తఱచుగా దాటిపోవు ఘట్టము. ఇంతకంటెఁ గఠినమైన శాసనము వేఱొకటి యుండదు. అయినను దీర్థయాత్ర యని ప్రభాసమునకుఁ బోవునపుడు మద్యము బండ్లమీఁద వెంటవచ్చును. నగరమున నున్నంతవఱకే శాసనము. ఊరి పొలిమేర దాటఁగానే శాసించినవారును ద్రాగినవారును నొక్కటే పంక్తిలోఁ గూర్చుండిరి.

కలహము పుట్టిన విధమును గమనింపవలెను. సాత్యకి కృతవర్మను నిదురించువారిని జంపినవాఁడని యెత్తిపొడుచును. కృతవర్మ భూరిశ్రవుని సంగతి యెత్తును. ముప్పదియాఱేండ్లనాఁటి యుద్ధపాతకములు, తీర్పు లేక లోలోపల నిలిచినవి, త్రాగినప్పుడు పైకి వచ్చినవి. సాత్యకి కృతవర్మ తల నఱకును. తక్కినది తుంగగడ్డితో ముగియును. ఇచ్చటఁ గర్త యెవఁడు, కర్మ యెవఁడు? కొట్టినవాఁడే కొట్టఁబడినవాఁడు. శాస్త్రమున దీనికిఁ గర్మవ్యతిహార మని పేరు. ఇట్టిచోటఁ బాణిని ఆత్మనేపదము విధించెను. హింసార్థకధాతువులకు మాత్రము మఱల నిషేధించెను. ఒకరినొకరు చంపుకొనుటయందు ఆత్మకుఁ జెందు ఫలము లేదని ఆచార్యుని యాశయమని యెవ్వఁడైనఁ జమత్కరించిన, శాస్త్రసమ్మతము గాకున్నను మౌసలమునకుఁ జక్కఁగా నతుకును.

సముద్రము వచ్చుట యటుపిమ్మట. అర్జునుఁడు స్త్రీబాలవృద్ధులను వెంటఁబెట్టుకొని బయలుదేఱిన తరువాత, వెనుకవెనుకనే కడలి పట్టణమును ముంచును. నీరు వచ్చునప్పటికి ద్వారకలో మునుఁగుటకు జనము లేరు. 1980వ దశాబ్దమున ద్వారకాతీరమున సముద్రగర్భాన్వేషణములు జరిగిన పిమ్మట ఈ పర్వమును గూర్చి మాటలాడువారు చాలవఱకు సముద్రమును గూర్చియే మాటలాడుచున్నారు. వ్యాసుని క్రమమునఁ గడలి చివరిది. అంతకు ముందు శాసనము నశించినది, జ్ఞాతులు నశించిరి. కడకు గాండీవమును నశించినట్లే, దుడ్డుకఱ్ఱల యాభీరుల యెదుట. వీనిని విడిచి నీటిని మాత్రము పట్టుకొనుట శవమును విడిచి పాడెను బరీక్షించుట వంటిది.

ఒక్క కారణమును బట్టుకొను నీ యలవాటు కవులది మాత్రమే కాదు. 1958లో థోర్కిల్డ్ యాకబ్‌సెన్, రాబర్ట్ ఆడమ్స్ అనువారు సుమేరు పతనమునకు ఉప్పు కారణమని వ్రాసిరి. కాలువనీరు విస్తారముగాఁ బెట్టఁగా భూగర్భజలము పైకెగసి, యెండకు నీరిగిరి, చేల నుప్పు పేరినది. ఉప్పును ఓర్వని గోధుమ తగ్గి యవలు మిగిలినవి. క్రీ. పూ. 2400 ప్రాంతమున హెక్టారునకు 2537 లీటర్లుగా నున్న పంట క్రీ. పూ. 2100 నాఁటికి 1460, క్రీ. పూ. 1700 నాఁటికి 897 లీటర్లకు దిగెనని వారి లెక్క. సంఖ్యలు కంటికి నింపుగా మెట్లవలె దిగుచున్నవి గావున ఈ వాదము లోకమున మిక్కిలి వ్యాపించినది. 1985లో మార్విన్ పావెల్ అదే పలకలను మఱలఁ జదివి, కొలతలను దప్పుగాఁ బోల్చిరనియు, ఉప్పును గడిగివేయు పద్ధతి యానాఁటి కాఁపులకుఁ దెలిసియుండెననియు నాక్షేపించెను. వాదము ఆక్షేపమంత దూరము వ్యాపింపలేదనుటకంటె, ఆక్షేపము వాదమంత దూరము వ్యాపింపలేదనుట సరి. కథ కుదురుగా నున్నచో దానిని సవరించువాని కెవ్వఁడును గృతజ్ఞుఁడు గాఁడు.

జోసెఫ్ టెయింటరు 1988లో వ్రాసిన గ్రంథమున వేఱుదారి పట్టెను. సంఘము తన చిక్కులను దీర్చుకొనుటకుఁ గ్రొత్త యధికారులను, గ్రొత్త లెక్కలను, గ్రొత్త గోడలను గల్పించుకొనుచుండును. కొంతకాలమునకు వాని వ్యయము ఫలమును మించును. మానెఁడు యవలను గూడఁ బలక కెక్కించిన ఉర్ ప్రభుత్వమున కిది తగినట్లే తోఁచును. జారెడ్ డయమండ్ 2005లోఁ బరిసరముల నాశమును బ్రధానము చేసెను. 2009లో మెక్ ఆననీ, యోఫీ అనువారు సంపాదించిన వ్యాససంపుటమునఁ బలువురు దానికి బదులు చెప్పిరి. రాజవంశము పోవుట వేఱు, జనము పోవుట వేఱనునది వారి మాటలలో ముఖ్యము. ఉర్ కూలినను సుమేరు దేశమున యవలు పండినవి, కాలువలు త్రవ్వఁబడినవి. యిసిన్, లార్స, బాబిలోను వరుసగా వచ్చినవి.

ఈ భేదము తెలుఁగునేలమీఁద స్పష్టముగాఁ గానవచ్చును. ఓరుగల్లు 1323లో కూలినది. పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు నేఁటికిని బొలములకు నీరిచ్చుచున్నవి. నడుమ నెన్ని ప్రభుత్వములు మాఱినను గట్టునకు మన్ను వేయువారుండిరి. చెఱువునకు దశబంధమని మాన్యమిచ్చి దానిని దాల్చువానికి భాగము కల్పించిన పద్ధతి రాజుయొక్క యాయుర్దాయముతో ముడిపడినది గాదు. సప్తసంతానములలోఁ జెఱువును గృతిని నొక్క వరుసనఁ జేర్చిన పూర్వులు, వంశము నిలువకున్నను నిలుచునవేవో కొంత యెఱిఁగియే చేర్చిరి.

కారణములను బహువచనమున నాలోచించుట యెట్లో చూడఁగోరువారు కడప మండలమునందలి పోరుమామిళ్ల శాసనమును జూడవలెను. బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు 1369లో నచ్చట ననంతరాజసాగరమను చెఱువు కట్టించి సంస్కృతశ్లోకములలో శాసనము వేయించెను. వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండేండ్లు. చెఱువునకుఁ బండ్రెండు సాధనములు, ఆఱు దోషములు అందుఁ జెప్పఁబడినవి. దోషములు గట్టు నీరూరుట, చౌటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, నీరు విస్తారమై పొలము కొంచెమగుట. కట్టునప్పుడే కూలు విధములను లెక్కించిన గ్రంథ మిది. ఇందు విలాపము లేదు, దేవతాజ్ఞ లేదు. చౌటినేలయుఁ బొరుగురాజును నొకే పట్టికలోఁ గూర్చుండుట చూడుఁడు. సుమేరు చరిత్రకారులు ఒకరు ఉప్పును, ఒకరు శత్రువును బట్టుకొని యేండ్లతరబడి వాదించిన విషయమునఁ బోరుమామిళ్ల స్థపతికి వివాదమే లేదు. రెండును దోషములే, రెంటిని వర్జింపవలెను. కావ్యగుణము శూన్యమైనను ఈ పట్టిక వినాశసాహిత్యముతోఁ గలిపి చదువఁదగినది.

కాళిదాసునకు అన్యాయము జరుగకుండుటకు మఱియొక మాట చెప్పవలెను. షోడశసర్గము నొంటరిగాఁ జదివినఁ జికిత్స సులభ మన్న భ్రమ కలుగును. పాఠశాలలలో నొంటరిగానే చదువుదురు. కాని కావ్య మచట ముగియలేదు. అతిథి పాలనము, తరువాత నొక్క సర్గములోనే గడగడ జరిగిపోవు రాజుల వరుస, ఆఱేండ్ల బాలుఁడైన సుదర్శనుఁడు, తుదకు నగ్నివర్ణుఁడు. ప్రజలు దర్శనము గోరఁగా గవాక్షమునుండి యొక్క పాదము మాత్రము వ్రేలాడవేసిన రాజతఁడు. క్షయముతోఁ జచ్చును, మంత్రులు రహస్యముగా దహనము చేసి గర్భిణియైన రాణిని సింహాసనమున నిల్పుదురు. పదునాఱవ సర్గములో రాజు లేనందున నగరము చెడినది. పందొమ్మిదవ సర్గములో రాజు నగరముననే యున్నాఁడు, మేడలకు సున్నమున్నది, గవాక్షమున దీపమున్నది, మెట్లపై లత్తుకయడుగు లున్నవి. అయోధ్యాదేవత కోరిన దంతయు నున్నది. రెండు సర్గములను నెదురెదురుగాఁ బెట్టినఁగాని కవి యభిప్రాయము తెలియదు. పెట్టినపుడు, ఆమె విజ్ఞాపనము సగమే నిజమని కవియే చెప్పినట్లగును. తరువాతి సర్గము లేమైన నుండి నశించెనా యన్న ప్రశ్న యొకటి గలదు గాని, చేత నున్నంతవఱకుఁ బుట్టని బిడ్డతోడనే కావ్య మాగినది.

ఇఁక నిప్పూరు బడిమాట. ఉర్ కూలిన రెండు మూఁడు శతాబ్దములకు, సుమేరుభాష యింట మాటలాడువారు లేని కాలమున, అచ్చటి పిల్లలు పదపట్టికలతో మొదలుపెట్టి విలాపముల వఱకు ఆ భాషను వల్లించి పలకలపై వ్రాసికొనిరి. అన్యభాషాబాలకులు వ్యాకరణబలముననే యొక భాషను మోసిన దృష్టాంతములలో నిది మొదటిది కావచ్చును. ఆ పలకలలో నక్కడక్కడఁ దప్పులుండుట సహజము; ఆ తప్పులను బట్టియే పరిష్కర్తలు పాఠములను సరిచూచిరి. క్రీ. పూ. 1720 ప్రాంతమున నిప్పూరును పాడుపడినది. అచ్చటి బడియొకదానిని 1951, 1952 సంవత్సరములలోఁ ద్రవ్వఁగా సుమారు 1400 పలకలు, తునకలు దొరకినవి. వానిలోఁ బెక్కులు పేర్చి దాఁచినవి గావు. ఇంటిని బాగుచేయునప్పుడు ఇటుకలకు బదులుగా నేలలోను, తిన్నెలోను వేసి మెత్తినవి.